వదిన తాండ్ర యూనిట్‌కి లోన్ వచ్చింది

బంగారుపాళ్యం దగ్గర మా వదిన పెడుతున్న మామిడి తాండ్ర యూనిట్‌కి లోన్ శాంక్షన్ అయింది. ఇంట్లో అందరికీ పండగలా ఉంది.

మన చిత్తూరు వైపు తోతాపురి రకం మామిడి రేటు ఎలా పడిపోతుందో తెలుసు కదా. 2025లో రైతుకి కిలోకి 4 రూపాయలు ప్రభుత్వమే కలిపి ఇవ్వాల్సి వచ్చింది. అందుకే కాయగా అమ్మడం కాదు, ఊళ్లోనే సరుకు తయారుచేయాలని వదిన పట్టుబట్టింది.

మేం అప్లై చేసింది పీఎంఈజీపీ కింద, అంటే కొత్తగా చిన్న యూనిట్ పెట్టేవాళ్లకి బ్యాంకు లోన్‌తో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం. పల్లెలో యూనిట్ పెట్టే మహిళకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, సొంతంగా పెట్టుకోవాల్సింది 5 శాతమే. అయితే సబ్సిడీ అంటే చేతికొచ్చే డబ్బు అని చాలామంది అనుకుంటారు. అది మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. యూనిట్ నిజంగా నడుస్తోందని చూశాకే అప్పులో జమ చేస్తారు. అప్పులో అంత మొత్తానికి ఈలోగా వడ్డీ పడదు. నాకు ఇది న్యాయంగానే అనిపించింది, పేరుకి షెడ్డు వేసి సబ్సిడీ తినేవాళ్లకి ఇది అడ్డు.

బాధ పెట్టింది వేరే. మొదట వెళ్లిన బ్యాంకులో పొలం కాగితాలు తాకట్టు పెట్టమన్నారు. ఇలాంటి చిన్న యూనిట్లకి 10 లక్షల లోపు లోన్‌కి తాకట్టు అడగకూడదని ఆర్‌బీఐ నిబంధనే ఉంది! వదిన టెన్షన్ పడకుండా ఆ మాటే చెప్పి, ఇంకో బ్యాంకుకి వెళ్లింది.

మీ ఊళ్లో ఎవరైనా అప్లై చేస్తుంటే చెప్పండి: దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉచితం. ఏజెంట్లకి డబ్బులు ఇవ్వొద్దు. డౌట్ ఉంటే నేరుగా జిల్లా పరిశ్రమల కేంద్రానికే వెళ్లండి.