గుట్టకు రెండు వైపులా

మన పూర్వ విద్యార్థుల కలయిక సంచికకు బడి జ్ఞాపకం ఒకటి రాసివ్వమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది గ్రీసు దేశంలో, సామోస్ అనే ద్వీపంలో, ఒక కొండ కడుపులో ఉన్న సొరంగం. దాని మధ్యలో నిలబడ్డప్పుడు మన లెక్కల సారు, ఆయన చేతిలో సుద్దముక్క, బడి వెనక గుట్ట నా కళ్లముందు కదిలాయి. అందుకే ఆ ప్రయాణం గురించే రాస్తున్నాను.

నాది 2010 పదో తరగతి బ్యాచ్, తెలుగు మీడియం. తర్వాత పాలిటెక్నిక్, సివిల్‌లో బీటెక్, రెండేళ్లు ఉద్యోగం, ఆపైన ఎం.ఎస్. కోసం జర్మనీ. మా బాపు తాపీమేస్త్రి అని మీలో చాలామందికి తెలుసు. మన బడి కొత్త గదులకు ప్లాస్టరింగ్ చేసింది ఆయనే. 2019 సెప్టెంబరులో మా యూనివర్సిటీ వాళ్లు పద్నాలుగు మందిని పది రోజుల స్టడీ టూర్‌కి గ్రీసు తీసుకెళ్లారు. ప్రాచీన గ్రీకుల చరిత్ర, విజ్ఞానం, కట్టడాలు చూడాలి. తిరిగొచ్చాక ఒక్కొక్కరు ఒక్కో అంశం మీద రిపోర్టు రాయాలి. నాకు వచ్చిన అంశం ఆ సొరంగం.

ముందు ఏథెన్స్. కొండ మీద పార్థెనాన్ గుడి. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 438 నాటికి కట్టేశారు. పాలరాయిని పదహారు కిలోమీటర్ల దూరంలోని పెంటెలికాన్ కొండ నుంచి తెచ్చారు. అందరూ స్తంభాల అందం చూస్తుంటే నేను రాయికీ రాయికీ మధ్య ఉన్న ఇనుప పట్టీల దగ్గర ఆగిపోయాను. ఆ గోడల్లో సున్నం, సిమెంటు లాంటిదేదీ లేదు. రాయిని రాయికి అతికినట్టు చెక్కి, మీద గాడి తీసి, గాడిలో ఇనుప పట్టీ పెట్టి, చుట్టూ సీసం కరిగించి పోశారు. సీసం ఉంది కాబట్టి ఇనుముకు తేమ తగల్లేదు. భూకంపం వచ్చినా సీసం మెత్తగా సర్దుకుంది. 1687లో వెనిస్ సైన్యం వేసిన గుండుకు లోపల దాచిన మందుగుండు పేలి గుడి మధ్యభాగం కూలిపోయింది. 20వ శతాబ్దం మొదట్లో పడిన రాళ్లను మళ్లీ నిలబెట్టినవాళ్లు ఇనుమైతే వాడారు కానీ సీసం పోయలేదు. ఆ ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, రెండున్నర వేల ఏళ్లు నిలిచిన పాలరాయిని చీల్చేసింది. 1975 నుంచి నడుస్తున్న పనుల్లో ఆ ఇనుమంతా తీసేసి టైటానియం పెడుతున్నారు.

ఆ రాత్రి బాపుకు ఫోన్ చేసి చెప్పాను. "శ్లాబ్‌ల చువ్వ బయటపడితే పెచ్చులు ఊడుతయి గద, గదే ఇది" అన్నాడు. మా ప్రొఫెసర్ పొద్దున అరగంట చెప్పిన విషయం అది. బాపు ఆ గుడిని ఫోటోలో కూడా చూడలేదు.

మర్నాడు పురావస్తు మ్యూజియం. అంటికైథెరా యంత్రం పేరు మీలో కొందరు వినే ఉంటారు, చంద్రుడి కదలికలను, గ్రహణాలను లెక్కగట్టే ప్రాచీన గ్రీకుల పళ్లచక్రాల పరికరం అది. సముద్రంలో స్పాంజీలు ఏరుకునే గజ ఈతగాళ్లకు 1900లో ఒక మునిగిపోయిన ఓడ కనిపించింది. 1901లో దాని సరుకు పైకి తీశారు. విగ్రహాలు, జాడీల మధ్య పచ్చగా చిలుము పట్టిన ఒక కంచు ముద్ద ఉంది. మరుసటి ఏడు దాంట్లో పళ్లచక్రం ఉందని గమనించారు. ఇప్పుడు 82 ముక్కలున్నాయి, వాటిలో 30 పళ్లచక్రాలు మిగిలాయి. అన్నిటికంటే పెద్ద ముక్క కూడా రెండు అరచేతులంత ఉంటుంది, అంతే. 2005లో దాదాపు ఎనిమిది టన్నుల ఎక్స్‌రే యంత్రాన్ని మ్యూజియంకే తెచ్చి లోపల ఏముందో చూశారు.

అద్దం అవతల దాన్ని చూస్తుంటే, పక్కన బోర్డు మీద 235 అన్న అంకె కనిపించింది. 19 ఏళ్లకు 235 చాంద్రమాసాలు. ఏడాదికి పన్నెండు చొప్పున 19 ఏళ్లకు 228. మిగిలిన ఏడు? నాకు ఒళ్లు జలదరించింది. మన అధికమాసాలు! మా నానమ్మ "ఈ ఏడు అధికమాసం వచ్చింది, ముహూర్తాలు లేవు" అనేది గుర్తొచ్చింది. 19 ఏళ్లలో ఏడు అధికమాసాలు, మన పంచాంగం లెక్క కూడా దాదాపు ఇదే. మీ పందొమ్మిదో పుట్టినరోజున తారీఖూ తిథీ కలిశాయో లేదో పాత క్యాలెండర్ తీసి చూసుకోండి, కలవకపోతే ఒక్కరోజే తేడా ఉంటుంది. ఆ యంత్రం వెనకవైపు ఈ 19 ఏళ్ల చక్రం ఉంది. దాని కింద గ్రహణాల చక్రం, 223 మాసాలది. 223ను ఏ అంకెతోనూ భాగించలేం కాబట్టి చిన్న చక్రాలతో సర్దుకునే వీలు లేదు. 223 పళ్లు కోసిన చక్రమే కావాలి. దాన్ని చేత్తో కోశారు. చంద్రుడు ఆకాశంలో ఒకసారి వేగంగా, ఒకసారి నిదానంగా కదలడాన్ని కూడా ఒక చక్రంలో మేకు, ఇంకోదాంట్లో గాడి పెట్టి చూపించారు. పిడి తిప్పితే పంచాంగం తిరుగుతుంది!

ఈ 19 ఏళ్ల లెక్క మన దేశానికి కూడా వచ్చింది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో వివరించిన ఐదు ఖగోళ సిద్ధాంతాల్లో రోమక సిద్ధాంతం ఒకటి. దాని యుగం 2850 ఏళ్లు, అందులో 1050 అధికమాసాలు. రెండిటినీ 150తో భాగించి చూడండి.

ఎపిడారస్ రంగస్థలం గురించి ఎక్కువ రాయను. పద్నాలుగు వేలమంది కూర్చునే రాతి మెట్లు. కింద మధ్యలో ఒకరు కాగితం చింపితే పై వరుసలో నాకు వినిపించింది. కొరింత్ దగ్గర ఓడలను నేల మీద లాగిన రాతిబాట అవశేషాలు కూడా చూశాం. ఎండ మండిపోతోంది, నాకు సామోస్ ఎప్పుడు వస్తుందా అని ఒకటే ఆత్రం.

పిరేయస్ రేవు నుంచి రాత్రి షిప్. గాలి ఎక్కువగా ఉందని ఆరు గంటలు ఆలస్యంగా బయల్దేరింది. సొరంగంలోకి వెళ్లే టైమ్ దాటిపోతుందేమోనని నాకు రాత్రంతా టెన్షన్. పొద్దునకు దిగాం. ఎదురుగా, ఈదుకుని వెళ్లిపోవచ్చేమో అనిపించేంత దగ్గరలో టర్కీ కొండలు. ఊరి పేరే పైథాగోరియో. రేవులో పైథాగరస్ విగ్రహం ఉంది, మొత్తం కలిపి లంబకోణ త్రిభుజంలా పోతపోశారు. నేను దాని పక్కన నిలబడి ఫోటో దిగి సారుకు పంపాను. "కర్ణం ఏది?" అని జవాబిచ్చారు. ఆ విగ్రహంలో కర్ణాన్ని వేలితో చూపిస్తూ ఇంకో ఫోటో దిగి పంపాను.

ఇక సొరంగం. క్రీ.పూ. 6వ శతాబ్దం మధ్యకాలం నాటిది. ఊరికి నీళ్లు కావాలి, ఊట కొండ అవతల ఉంది. కొండ చుట్టూ కాలువ తవ్వితే శత్రువులు తెంపేస్తారు. అందుకని కొండలోంచే దారి చేశారు. పొడవు 1036 మీటర్లు, ఎత్తు, వెడల్పు సుమారు 1.8 మీటర్లు. పని చేయించింది మెగారా ఊరివాడు, నౌస్ట్రోఫోస్ కొడుకు యుపలినోస్ అని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఒక్క వైపు నుంచి తవ్వుకుంటూ పోతే ఎన్నేళ్లు పడుతుందో ఏమో. రెండు వైపుల నుంచీ ఒకేసారి మొదలుపెట్టాడు. దిక్సూచి లేదు. ఆ కాలంలో ఉన్నవి కర్రలు, తాళ్లు, గుండుదారం, నీళ్ల మట్టం.

హెల్మెట్లు పెట్టుకుని మెట్లు దిగాం. మొదట్లో దారి బాగా ఇరుకు, భుజాలు పక్కకు తిప్పుకుని నడవాలి. తర్వాత వెడల్పయింది. గోడల నిండా ఉలి గాట్లు. దారి పక్కనే లోతుగా ఇంకో కాలువ ఉంది, నీళ్ల మట్టి గొట్టాలు అందులో వేశారు. సొరంగం మట్టంగా ఉంటే నీళ్లు పారవు కదా, ఆ వాలు కోసం కాలువను ఒక చివర నాలుగు మీటర్లు, ఇంకో చివర ఎనిమిది మీటర్ల పైన లోతు తవ్వారు. గోడ మీద అక్కడక్కడా ఎర్ర రంగుతో కొలత గుర్తులు. మేస్త్రీలు గోడ మీద బొగ్గుతో గీసుకునే గీతల్లాగే ఉన్నాయి.

ఉత్తరం నుంచి తవ్వినవాళ్లకు మధ్యలో రాయి చెడింది, నీరు ఊరింది. నేరుగా పోతే కప్పు కూలుతుంది. పక్కకు తిరిగి, ఆ చెడ్డ రాయిని చుట్టి, మళ్లీ పాత వరసలోకి వచ్చారు. చీకట్లో, దీపం వెలుగులో, పక్కకు ఎంత జరిగామో లెక్క తప్పకుండా! మధ్యకు చేరేసరికి ఇంకో తెలివి కనిపిస్తుంది. ఎదురెదురుగా నేరుగా తవ్వితే ఒక మీటరు తేడాతో రెండూ పక్కపక్క నుంచే దాటిపోవచ్చు. అందుకని చివర్లో కావాలనే ఒంపు తిప్పారు. అలా తిప్పితే ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకోక తప్పదు. ఎత్తులో తేడా వస్తుందేమోనని ఒక వైపు కప్పు పెంచారు, ఇంకో వైపు నేల దించారు. తీరా చూస్తే ఆ జాగ్రత్త అక్కర్లేకపోయింది, మట్టం సరిగ్గా కలిసింది.

ఆ కలిసిన చోట నేను నిలబడ్డాను. ఎనిమిదో తరగతిలో ఒకరోజు సారు మనల్ని బడి వెనక్కి తీసుకెళ్లి, "బిడ్డా, ఈ గుట్టకు ఇటొకరు అటొకరు ఉన్నరు. ఒకరికొకరు కనబడరు. ఇద్దరూ ఎదురెదురుగ నడవాలె. ఎట్ల?" అని అడిగారు, మీకు గుర్తుందా? ఎవరం చెప్పలేదు. పదో తరగతిలో సరూప త్రిభుజాలు వచ్చేదాకా ఆయన జవాబు చెప్పలేదు. గుట్ట చుట్టూ లంబకోణాల్లో నడవండి. తూర్పుకు మొత్తం ఎంత, ఉత్తరానికి మొత్తం ఎంత లెక్కపెట్టండి. తూర్పుకు 8 పాళ్లు, ఉత్తరానికి 5 పాళ్లు వచ్చాయనుకోండి. గుట్ట మొదట్లో అదే పాళ్లతో ఒక చిన్న త్రిభుజం గీయండి, దాని కర్ణం ఎటు చూపిస్తే అటే మీ స్నేహితుడు. క్రీ.శ. 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా ఊరి గణితజ్ఞుడు హెరాన్ కొండలో సొరంగం తవ్వడానికి రాసిపెట్టిన పద్ధతి అక్షరాలా ఇదే.

యుపలినోస్ ఆ పద్ధతే వాడాడా అన్నదాని మీద మా బృందంలో పెద్ద చర్చ జరిగింది. కొండ పక్కల నేల ఎత్తుపల్లాలు చూశాక, దిశ కోసం మాత్రం కొండ మీదుగా వరసగా కర్రలు పాతి ఉంటారనే నాకు అనిపించింది. రిపోర్టులో కూడా అదే రాశాను. ఒంపు తిరిగి మళ్లీ వరసలోకి రావడానికి మాత్రం త్రిభుజాల లెక్క తెలియకుండా కుదరదు.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. మనం వాడే 'సొరంగం' సంస్కృతంలోని 'సురంగ' నుంచి వచ్చింది. అది గ్రీకు 'సిరింక్స్' నుంచి వచ్చిందని చాలామంది భాషా పండితులు అంటారు. గొట్టం, పిల్లనగ్రోవి, నేల కింద దారి అని దాని అర్థాలు. వృత్తానికి 'కేంద్రం' గ్రీకు 'కెంత్రాన్', జ్యోతిషంలో 'హోర' గ్రీకు మాటే. గ్రీకులను మనవాళ్లు పిలిచిన 'యవనులు' అన్న పేరు ఈ అయోనియా ప్రాంతం పేరు నుంచే పుట్టింది, సామోస్ అయోనియా నగరాల్లో ఒకటి. నేను యవనుల ఊళ్లో, యవనుల సొరంగంలో నిలబడి, దాన్ని మా ఊరి మాటతో సొరంగం అనే అనుకుంటున్నాను. మన మాటలు ఎంత దూరం నడిచి వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ మనసు నిండిపోతుంది.

బయటికి వచ్చాక బాపుకు వీడియో కాల్ చేశాను. అంతా విని ఒకే ప్రశ్న వేశాడు: "తవ్వినోళ్ల పేర్లు యాడనన్న రాసి ఉన్నయా?" లేవు. యుపలినోస్ పేరుంది, ఆ కాలంలో ద్వీపాన్ని ఏలిన పోలిక్రతీస్ పేరుంది. అదే పోలిక్రతీస్ కోట చుట్టూ కందకాన్ని సంకెళ్లు వేసిన లెస్బోస్ ద్వీపపు బందీలతో తవ్వించాడని కూడా హెరొడోటస్ రాశాడు. సొరంగంలో ఉలి పట్టినవాళ్లెవరో ఆయన చెప్పలేదు. బాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఉలి గాట్లు దగ్గరికెళ్లి తియ్యి" అన్నాడు. అప్పటికే తీసిన ఫోటోలు పంపాను. వాటిలో ఒకటి మా ఇంట్లో టీవీ పక్కన ఫ్రేమ్ కట్టించి పెట్టాడు.

సారు రిటైరై ఆరేళ్లయింది. పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లి ఆయనకు సొరంగం బొమ్మ గీసి చూపించాను. ఒంపు దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశారు. "గాలి ఎట్ల ఆడిందే లోపల?" అన్నారు. ఆ ప్రశ్న నా రిపోర్టులో లేదు. ఇప్పుడు దానిమీద చదువుతున్నాను.

కమిటీ మిత్రులకు ఒక మనవి. ఈసారి కలయిక రోజున సన్మానాలు ఒక పూటకు కుదించి, ఇప్పటి పదో తరగతి పిల్లలతో మన గుట్టను కొలుద్దాం. అటొక జట్టు, ఇటొక జట్టు. తాడు, మూలమట్టం, కర్రలు బాపు ఇస్తానన్నాడు. సున్నం నేను తెస్తాను. సారును అడిగితే, మోకాళ్ల నొప్పులతో గుట్ట ఎక్కలేనన్నారు. హెరాన్ పద్ధతిలో చుట్టూ నడిచేట్టయితే వస్తానన్నారు, లెక్క మాత్రం పిల్లలే వేయాలట.