గుర్రపు డెక్క కింద మా కుంట

నిరుడు భాద్రపదంలో మా కుక్క టామీ కొంగ వెంటపడి కుంటలోకి దూకింది. గుంటూరు శివారులో మా పెరటి గోడ దాటితే కుంటే. నీటి మీద తేలే గుర్రపు డెక్క అనే కలుపు మొక్క కప్పేయడంతో దానికి అది పచ్చిక బయలులా కనిపించింది. కాళ్లు వేళ్లలో చిక్కుకుని మునిగిపోతుంటే పక్కింటి బాబాయి వెదురు గెడ మెడపట్టీకి తగిలించి ఒడ్డుకు లాగారు.

ఆ సాయంత్రం చుట్టుపక్కల ఆరిళ్ల వాళ్లం మా అరుగు మీద కూర్చున్నాం. మిరప పండించే బాబాయి, "గడ్డి మందు కొడితే వారంలో మాడిపోతుందమ్మా" అన్నారు.

"మాడిన డెక్క అడుగుకు చేరి కుళ్లుతుంది బాబాయ్. నీటిలోని ప్రాణవాయువంతా అదే లాగేస్తే చేపలు చచ్చి తేలతాయి. పిన్నిగారి బాతులు తాగేదీ ఆ నీళ్లే కదా!" అన్నాను నేను.

బాతుల మాటకు ఆయన మెత్తబడ్డారు. నా భయం ఇంకొకటి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మా అక్క ఇల్లు మునిగింది. మా వీధి వాననీరు దిగేది ఈ కుంటలోకే. దాని నోరు డెక్కతో మూసుకుపోతే నీళ్లు మా గుమ్మాల్లోకే వస్తాయి.

నాలుగు ఆదివారాలు పట్టింది. గాలి డెక్కను ఏ మూలకు నెడుతోందో చూసి అక్కడ మొదలుపెట్టాం. రెండు ఒడ్డుల నుంచి మోకు పట్టుకుని మిగిలినదాన్ని అటే తోసుకొచ్చి, దంతెలతో పైకి లాగాం. అందులో నూటికి తొంభై పాళ్లు నీరే, భుజాలు పడిపోయాయి. మొదటి వారం గట్టు అంచునే కుప్ప వేశాం. రాత్రి వానకు సగం తిరిగి నీళ్లలోకి జారింది. ఏడుపొచ్చింది. తరువాతి వారం నుంచి పదడుగుల దూరం ఈడ్చి ఎండబెట్టాం. నాలుగు రోజులకు నడుమెత్తు కుప్ప మోకాలి కిందికి దిగింది.

తరువాత గొయ్యి తవ్వి ఎండుటాకులు, డెక్క, పేడనీళ్లు పొరలుగా వేసి, పక్షానికోసారి తిరగేశాం. సంక్రాంతికి నల్లగా, పొడిపొడిగా ఎరువు తయారైంది. పిన్నిగారు ఆనప పాదుకు రెండు గంపలు అడిగారు. ఇవ్వలేదు. మురుగు కాలువ కలిసే నీటిలో సీసం, కాడ్మియం వంటి విషలోహాలు ఉంటే డెక్క వాటిని వేళ్లతో పీల్చి దాచుకుంటుంది. అది కూరపాదుకు వేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మందారాలకు, నందివర్ధనానికి, కనకాంబరాలకే వేశాం.

అంతకు ముందే, కార్తిక పౌర్ణమి రాత్రి, ఆమె అరటి దొప్పలో దీపం పెట్టి కుంటలో వదిలారు. దీపం అవతలి ఒడ్డు దాకా ఎక్కడా తగులుకోకుండా వెళ్లింది. అందరం నిలబడి చూశాం.

వేడి కాలంలో డెక్క రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. గింజలు బురదలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటాయి. అందుకే ఆదివారానికి ఒక ఇల్లు చొప్పున కాపలా పెట్టుకున్నాం. ఈ వారం వంతు మాది. కాలువ నోటి దగ్గర మూడు పిల్ల మొక్కలు దొరికితే వేళ్లతో సహా తీసి గోడ మీద ఎండబెట్టాను. టామీ గట్టు మీదే కూర్చుంది, నీటి వైపు ఒక్క అడుగూ వేయలేదు.