లేసు కవర్ల రిటర్న్‌లు: 4 శాతం తేడాను పరీక్షించిన నా అనుభవం

నరసాపురంలో మా వదినగారు చుట్టుపక్కల ఊళ్ల ఆడవారిచేత క్రోషా లేసు టేబుల్ కవర్లు అల్లించి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. తెల్లవాటికంటే రంగువి ఎక్కువగా తిరిగి వస్తున్నాయని, ఆ రకం ఆపేద్దామని ఆవిడ అన్నారు. ఆపేస్తే రంగుదారం అల్లేవారికి పని తగ్గుతుంది. అందుకని ముందు లెక్క తేలాలని పట్టుబట్టాను.

సూత్రం కంటే డేటాను సరిచేయడానికే ఎక్కువ ఓపిక కావలసి వచ్చింది. రిటర్న్ గడువు ఇంకా ముగియని పార్శిళ్లను పక్కన పెట్టాను. లేకపోతే కొత్తగా పంపినవన్నీ తిరిగి రానివిగా లెక్కలోకి వచ్చేస్తాయి. ఒకే కొనుగోలుదారు మూడు కవర్లు కలిపి వెనక్కి పంపితే అవి మూడు స్వతంత్ర నిర్ణయాలు కావు కనుక, కవర్లను కాక ఆర్డర్లను లెక్కించాను. చివరికి రంగువి 400 ఆర్డర్లలో 48, తెల్లవి 250లో 20 తిరిగి వచ్చినట్లు తేలింది. అంటే 12 శాతం, 8 శాతం.

రెండు రేట్లూ సమానమే అన్నది శూన్య పరికల్పన, అంటే పరీక్ష కోసం ముందు నిజమని అనుకునే మాట. అది నిజమైతే రెంటినీ కలిపి 650లో 68, అంటే సుమారు 10.5 శాతమే ఉమ్మడి రేటు. దానితో ప్రామాణిక దోషం (యాదృచ్ఛికంగా తేడా ఎంత అటూ ఇటూ ఊగవచ్చో చెప్పే కొలత) 0.0247, జెడ్ విలువ (తేడా ఆ దోషానికి ఎన్ని రెట్లో) 1.62, రెండువైపుల పి విలువ (నిజానికి తేడా లేకపోయినా ఏ వైపుకైనా ఇంత లేదా ఇంతకు మించిన తేడా కనిపించే సంభావ్యత) సుమారు 0.105 వచ్చాయి. (ఈ పరీక్ష 1948లో సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు ప్రతిపాదించిన స్కోర్ పరీక్షలనే పద్ధతి కోవలోదే; ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివినవారన్నది నాకెంతో ఇష్టమైన విషయం.) ముందే పెట్టుకున్న 0.05 హద్దులోకి ఆ పి విలువ రాలేదు; అంటే తేడా ఉందని తేల్చలేం. దిశను ముందుగా ఎంచుకోలేదు కాబట్టి, ఫలితం చూశాక ఒకవైపు పరీక్షకు (రంగువి ఎక్కువా అని మాత్రమే చూసేదానికి) మారి పి విలువను సగం చేయడం న్యాయం కాదు.

“అయితే రెండూ ఒకటేనా?” అని వదినగారు అడిగారు. అలాగనీ చెప్పలేం. తేడాకు 95 శాతం విశ్వాస అంతరం, అంటే ఈ డేటాకు పొసగే తేడాల పరిధి, మైనస్ 0.6 నుంచి 8.6 శాతం వరకు ఉంది. అసలు తేడా లేకపోవచ్చు, గణనీయంగానే ఉండవచ్చు. ఇంత తేడాను 80 శాతం సామర్థ్యంతో, అంటే అది నిజంగా ఉంటే నూటికి 80 సార్లు బయటపడేలా, పట్టుకోవాలంటే ఒక్కో రకానికి సుమారు 880 ఆర్డర్లు కావాలి.

రంగు రకం ఆపలేదు. “ఫోటోలో ఎరుపు, వచ్చింది మెరూన్” అని రిటర్న్ చీటీల మీద పదేపదే కనిపించడంతో ఫోటోలు పగటి వెలుతురులో మళ్లీ తీశాం. పాత ఆర్డర్లను కలపకుండా లెక్క కొత్తగా మొదలుపెట్టాం. 880 చొప్పున పూర్తయ్యేవరకు మధ్యలో పి విలువ చూడకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం.