నూనె గాడి

మేము ఒహాయోలో స్థిరపడి 16 ఏళ్లయింది, మా అబ్బాయికి 14 ఏళ్లు. వాడికి తెలుగు నేర్పడంలో లోపమేమీ చేయలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆకలేస్తే తెలుగులో అడుగుతాడు, పెద్దలను మీరు అంటాడు, నాలుగు పద్యాలు తప్పు లేకుండా అప్పజెబుతాడు. అయితే బుర్ర పెట్టి చేయవలసిన పని ఎదురైనప్పుడల్లా వాడి తెలుగు ఆగిపోతుందన్న సంగతి, ఈ వేసవిలో హైదరాబాదులో మా నాన్నగారి దగ్గర ఐదు వారాలు గడిపినప్పుడు గాని నాకు తెలిసిరాలేదు.

నాన్నగారు 34 ఏళ్లు ఫిట్టరుగా పనిచేశారు. 1968లో సీఐటీడీ అనే పనిముట్ల రూపకల్పన సంస్థ ఏర్పాటైన బాలానగర్‌లోనే, చిన్న చిన్న లేతు షెడ్లలో ఆయన జీవితమంతా గడిచింది. మా అబ్బాయి బడి వాళ్లు సెలవుల పనిగా చేతిపంపు నమూనా ఒకటి ఇచ్చారు. అందులో ఇరుసు తిరిగే, గొట్టం లాంటి తొడుగైన కంచు బుష్‌ను వాడు చింతల్‌లోని ఇంటి వరండాలో కూర్చుని, కంప్యూటరులో వస్తువుల నమూనాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన సాలిడ్‌వర్క్స్‌లో గీస్తున్నాడు. బుష్ లోపలి గోడ మీద, వంపులు తిరుగుతూ సాగే 6 మిల్లీమీటర్ల నూనె దారిని స్వెప్ట్ కట్‌తో కోయాలి.

స్వెప్ట్ కట్ అంటే, మూసుకుని ఉన్న ఒక చిన్న ఆకారాన్ని ఒక గీత వెంబడి నడిపించి, అది నడిచిన మేరకు ఘనవస్తువులో నుంచి పదార్థాన్ని తొలగించడం. ఆ గీత ఆకారం గీసిన తలం మీదే మొదలు కావాలి. మలుపు మరీ ఇరుకై, దాని వ్యాసార్ధం ఆకారపు సగం వెడల్పు కన్నా తగ్గితే, కోత తనలోకి తానే చొచ్చుకుపోయి సాధారణంగా విఫలమవుతుంది. ఈ రెండు నియమాలూ వాడికి తెలుసు, కోత కుదిరింది కూడా. కానీ అంచుల దగ్గర 6 మిల్లీమీటర్లున్న దారి, నడుమ మలుపు దగ్గరికి వచ్చేసరికి 3 మిల్లీమీటర్లే ఉంది. ఎందుకో వాడికి అంతుపట్టలేదు, నాకూ పట్టలేదు.

నాన్నగారు కళ్లజోడు సవరించుకుని తెర మీదికి వంగి, "గాడి నడుమ సన్నబడితే నూనె సరిగ్గ పారదు బిడ్డా. ఉలి మొగం ఎటు పెట్టి నడిపినవ్?" అని అడిగారు.

వాడు నా వైపు చూశాడు. ఉలి, గాడి, మొగం అన్న మూడు మాటల్లో ఒక్కటీ వాడికి అందలేదు. నేను ఇంగ్లీషులో చెప్పబోతే నాన్నగారు వారించి, లోపలి నుంచి తన పాత గుండ్రటి మొన ఉలి తెచ్చారు. సబ్బుబిళ్ల మీద ఒక వంపు గీత గీసి, ఉలిని ఆ గీతతో పాటు తిప్పుతూ ఒకసారి, తిప్పకుండా ఒకే దిక్కుకు పెట్టి మరొకసారి నడిపించారు. రెండో గాడి మలుపులో సన్నబడింది. మా వాడు మారు మాట్లాడకుండా కంప్యూటరు ముందుకు వెళ్లి, ఆకారం మొదటి దిక్కునే పట్టుకుని ఉండేలా చేసే కీప్ నార్మల్ కాన్‌స్టెంట్ తీసేసి, దారితో పాటు తిరిగే ఫాలో పాత్ పెట్టాడు. గీత 60 డిగ్రీలు పక్కకు తిరిగిన చోట వెడల్పు ఎందుకు సగమైందో ఆ తర్వాత వాడే నాకు లెక్క కట్టి చూపించాడు.

ఎడ్లబండి చక్రాలు మట్టిబాటలో చేసిన చాళ్లను కూడా గాడి అంటారనీ, బండి గాడి తప్పడం అన్న మాట అక్కడిదేననీ నాన్నగారు ఆ సాయంత్రం వాడికి చెప్పారు. కోత అన్న మాట వాడికి అంతవరకు కరెంటు కోతగానే తెలుసు. వాడికి నేను అన్నం మాటలు, పండుగ మాటలు, మర్యాద మాటలు ఇచ్చాను గాని, పని మాటలు ఒక్కటీ ఇవ్వలేదు. ఫిట్టరు కూతురినై ఉండి ఆ మాటలు ఇంట్లో వినిపించనివ్వకపోవడం నా తప్పేనని నమ్ముతున్నాను.

మరునాడు నాన్నగారు ఇంకో రెండు తప్పులు పట్టారు. గాడి బుష్ అంచుల దాకా తెరుచుకుని ఉంటే నూనె బయటికి కారిపోతుంది గనుక దానిని లోపలే ఆపాలన్నారు. మా వాడు చివరి నుంచి 5 మిల్లీమీటర్లు లోపల కొత్త తలం వేసి, గీతను అక్కడ మొదలుపెట్టి, అవతలి అంచుకు అంతే దూరంలో ఆపాడు. గాడి పెదవులు పదునుగా ఉంటే ఇరుసు మీది నూనె పొరను గీకేస్తాయన్నది రెండో మాట. ఆ పని మిగిలి ఉండగానే మేము విమానం ఎక్కవలసి వచ్చింది.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో వాడు నన్ను పిలవకుండానే, "తాతయ్యా, గాడి అంచు గుండ్రం చేశాను, అర మిల్లీమీటరు" అన్నాడు.

"రెండు దిక్కులా?" అని అడిగారు నాన్నగారు.