ఓ కంటికి పరుగు, రెండో కంటికి ఆగు

"ఓ కన్నేమో ఇప్పుడే కోసెయ్యాలంటారు, రెండోదానికేమో ఆగమంటారు, ఇదేటి లెక్కరా నాయనా" అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. ఆ లెక్క ఇదీ.

నా కళ్లద్దాల పవర్ మైనస్ 14. నరసన్నపేటలో చదువుకున్నన్నాళ్లూ సోడాబుడ్డి అనే పిలిచేవారు. అసలు గొడవ అద్దాల మందంతో కాదు, కనుగుడ్డు పొడవుతో. మామూలుగా 24 మిల్లీమీటర్లు ఉండాల్సింది నాకు 29 దాటింది. గుడ్డు సాగితే లోపల వెలుగును పట్టే పొర, రెటీనా కూడా సాగి పల్చబడుతుంది, చిరుగుతుంది. లేసిక్ అనే లేజర్ ఆపరేషన్‌తో అద్దాలు పోతాయేమో గానీ ఈ సాగుడు పోదు.

కుడి కంట్లో ముందు మెరుపులు, తర్వాత మసి రాలినట్టు నల్ల చుక్కలు, ఆ తర్వాత కింది నుంచి నీడ. శ్రీకాకుళంలో డాక్టరుగారు కంట్లో మందు చుక్కలు వేసి చూసి, కింద నీడంటే పైన రెటీనా ఊడినట్టు, మధ్యలో సూటి చూపునిచ్చే మాక్యులా ఇంకా అతుక్కునే ఉంది, అది ఊడకముందే విశాఖ వెళ్లిపోండి అన్నారు. మాక్యులా ఊడిపోయాక చేస్తే రెటీనా అతుక్కున్నా చూపు మునుపటిలా రాకపోవచ్చట. ఊడిన చోట చేరిన నీరు మాక్యులా వైపు దిగకుండా వెల్లకిలా పడుకోమన్నారు, అందుకని హైవే మీద వంద కిలోమీటర్ల పైచిలుకు కారు టాపు చూస్తూనే వెళ్లాను. మర్నాడు పొద్దున్నే విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీ తీసెయ్యడం), లేజర్, లోపల గ్యాస్.

ఆ తర్వాత గ్యాస్ రెటీనాని అదిమి పట్టాలని బోర్లా పడుకోవడం! ఆపరేషన్ నయం దీనికంటే. ఛాతీ కింద తలగడ, మెడ పట్టేసి, వదిన ప్లేటు నేల మీద పెడితే వంగే తినేవాణ్ని. గ్యాస్ తగ్గేకొద్దీ చూపులో ఒక అడ్డగీత కనిపించింది, తల కదిలిస్తే ఊగేది, దానిపైన మాత్రం తేటగా ఉండేది. అది రోజురోజుకీ కిందికి దిగి చివరికి చిన్న బుడగై పోయింది. అంతవరకూ విమానం ఎక్కొద్దన్నారు, పైకెళ్తే గ్యాస్ వ్యాకోచించి కంట్లో ప్రెషర్ పెరుగుతుంది.

ఇక ఎడమ కన్ను. ఓసీటీ అనే స్కాన్‌లో చూస్తే మాక్యులా దగ్గర రెటీనా పొరలు విడివడ్డాయి, దీన్ని ఫోవియోస్కిసిస్ అంటారు. చూపు బాగానే ఉంది కాబట్టి ఇప్పుడు ముట్టుకోం అన్నారు. ఆపరేషన్‌లో పల్చబడ్డ చోట పైపొర ఒలిచేటప్పుడు మాక్యులాకే రంధ్రం పడే ప్రమాదం ఉంది, కొందరికేమో ఏళ్లతరబడి అలాగే ఉండిపోతుంది. చూపు తగ్గినా, స్కాన్‌లో మాక్యులా కింద నీరు కనిపించినా అప్పుడిక ఆగరు. నన్నడిగితే ఈ ఆగడమే ఎక్కువ టెన్షన్. రోజూ కుడి కన్ను మూసుకుని బాత్రూం టైల్స్ గీతలు వంకరపోయాయేమో చూసుకుంటాను. మొన్నటి స్కాన్‌లో మార్పేమీ లేదు.

కుడి కంట్లో ఇప్పుడు శుక్లం వస్తోంది, విట్రెక్టమీ తర్వాత అది మామూలేనట. దానికి మాత్రం తొందరేం లేదు, మీకు వీలైనప్పుడు చేద్దాం అన్నారు. అమ్మకి ఇంకా చెప్పలేదు.