31వ నంబరు బస్సులో ఒక మధ్యాహ్నం

లండన్‌లో గడిపిన వారంలో ఆరు రోజుల గురించి నేనేమీ రాయదలచుకోలేదు. టవర్ బ్రిడ్జి గురించీ, బ్రిటిష్ మ్యూజియం గురించీ మనవాళ్లు చాలామందే రాశారు. క్యామ్‌డెన్ టౌన్ నుంచి వెస్ట్‌బోర్న్ పార్క్ దాకా 31వ నంబరు బస్సులో వెళ్లిన ఒక్క మధ్యాహ్నం గురించి మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

'ది క్లాష్' అనే లండన్ పంక్ రాక్ బృందం తన పేరునే పెట్టి 1977 ఏప్రిల్ 8న విడుదల చేసిన మొదటి ఆల్బమ్‌ను నేను తొలిసారి విన్నది మెహదీపట్నంలో, మా మేడ గది కిటికీకి ఎదురుగా పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాలు లేస్తున్న రోజుల్లో. పక్క గది మిత్రుడు కాపీ చేసి ఇచ్చిన సీడీ అది. బయట యంత్రాల రొద, లోపల గిటార్ల రొద. ఆ రెండింటికీ సంబంధం ఉండవచ్చని అప్పట్లో నాకు తట్టలేదు. సగం మాటలు అర్థం కాకపోయినా ఆ గొంతులోని తొందర నన్ను పట్టుకుంది, ఆ 14 పాటలూ అప్పటి నుంచి నాతోనే ఉన్నాయి.

ఆల్బమ్ అట్ట మీద ముగ్గురే నిలబడి ఉంటారు: జో స్ట్రమ్మర్, మిక్ జోన్స్, పాల్ సిమొనన్. డ్రమ్స్ వాయించిన టెర్రీ చైమ్స్‌కు బృందంలో కొనసాగడం ఇష్టం లేకపోయింది కాబట్టి ఆ ఫోటోలో లేడు. కేట్ సైమన్ ఆ ఫోటో తీసిన సందు క్యామ్‌డెన్ మార్కెట్‌లో, వాళ్లు సాధన చేసుకున్న పాత భవనానికి ఎదురుగానే ఉంది. వెతుక్కుంటూ వెళ్లేసరికి అక్కడ తిండి దుకాణాల ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక డబ్బా నూడుల్స్ 12 పౌండ్లు. ఆ అట్ట బొమ్మనే అచ్చు వేసిన టీషర్టు 30 పౌండ్లని చెప్పినప్పుడు మనసు చివుక్కుమంది. 1977 ఫిబ్రవరిలో మూడు వారాంతాల్లో, మొత్తం 4,000 పౌండ్ల ఖర్చుతో, కచేరీల్లో తమకు సౌండ్ చూసే మిక్కీ ఫుట్‌నే నిర్మాతగా పెట్టుకుని పూర్తి చేసిన ఆల్బమ్ అది. ఏమీ కొనకుండా బస్సెక్కాను.

టికెట్టు 1.75 పౌండ్లు, అంటే మన డబ్బులో 200 రూపాయలకు కాస్త తక్కువ. ఆ ధరకు హైదరాబాద్‌లో రోజంతా సిటీ బస్సుల్లో తిరగవచ్చునన్న లెక్క మనసులో మెదిలినా, పై అంతస్తులో ముందు వరుస సీటు దొరికాక దాన్ని మరిచిపోయాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆల్బమ్‌ను మొదటి నుంచి మొదలుపెట్టాను. పాటలన్నీ కలిపినా 35 నిమిషాలే. 'కెరీర్ ఆపర్చునిటీస్' వస్తున్నప్పుడు, ఉత్తరాల బాంబుల భయం ఉన్న కాలంలో మిక్ జోన్స్ ఒక ప్రభుత్వ కార్యాలయంలో టపా విప్పే పని చేశాడన్న సంగతి గుర్తుకొచ్చింది. పనికిరాని ఉద్యోగాల మీద అతని కోపం పుస్తకాల్లో చదివి తెచ్చుకున్నది కాదు, ప్రతి కవరూ విప్పుతూ కూడబెట్టుకున్నది.

కిల్బర్న్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. ఆల్బమ్ అయిపోయి మళ్లీ మొదలైంది. అప్పుడు పక్క సీటులోని పెద్దావిడ నా మోచేతిని మెల్లగా తట్టి, "నాయనా, నీ పాట నాకూ వినబడుతోంది, కొంచెం తగ్గిస్తావా?" అని అడిగింది. క్షమించమని చెప్పి ఇయర్‌ఫోన్లు తీసేశాను. ఎక్కడ దిగాలని అడిగింది. స్తంభాల మీద సాగే వెస్ట్‌వే అనే ఎత్తు రోడ్డును చూడాలని చెబితే ఆమెకు ఆశ్చర్యం వేసింది. "ఆ రోడ్డును చూడటానికి వచ్చావా? దాన్ని చూడకుండా ఉండాలని నేను యాభై ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాను" అంది.

కాలువ వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు ఎడమ వైపు చెయ్యి చాపి, దూరంగా కనిపిస్తున్న ఎత్తైన భవనాల్లో ఒకదానిలో తన ఇల్లు ఉందని చూపించింది. "కిటికీ తెరిస్తే రొద, మూస్తే ఉక్క. ఉతికిన బట్టలు ఆరేస్తే సాయంత్రానికి నల్లటి పొడి." ఆమె చేతి సంచీ పట్టీని వేళ్లతో రుద్ది, ఆ పొడి ఎలా అంటుకుంటుందో కూడా చూపించింది.

మిక్ జోన్స్ తన అమ్మమ్మతో కలిసి ఉన్నది ఆ చుట్టుపక్కలే, విల్మ్‌కోట్ హౌస్ 18వ అంతస్తులో. 1970లో తెరిచిన ఆ ఎత్తు రోడ్డు అతని కిటికీలోంచి కనిపించేది. 'లండన్స్ బర్నింగ్' పాటలో దాని పేరే నేరుగా వస్తుంది. దాన్ని నేను ఎప్పుడూ తిరుగుబాటు పాటగానే విన్నాను. ఆమె మాటలు విన్నాక మాత్రం, నిద్ర పట్టని ఇంట్లో ఊపిరాడక విసిగిన కుర్రాడి పాటగా వినిపించసాగింది. మెహదీపట్నంలో మా అమ్మ కూడా దుమ్ముకు భయపడి కిటికీకి తడి దుప్పటి కట్టేది. ఆ దుప్పటి వెనుక కూర్చునే నేను ఈ పాటలు విన్నాను.

బస్సు వెస్ట్‌వే కిందికి వచ్చాక దిగాను. స్తంభాల వెంట పోర్టోబెల్లో రోడ్డు దాకా నడిచాను. ఆల్బమ్ వెనుక అట్ట మీద పోలీసులు పరుగెత్తుకొస్తున్న ఫోటో 1976 ఆగస్టులో, కరీబియన్ ప్రజల వీధి పండుగ అయిన నాటింగ్ హిల్ కార్నివాల్‌లో అల్లర్లు జరిగిన నాడు ఈ రోడ్డు కిందనే తీసినది. స్ట్రమ్మర్, సిమొనన్ ఆ రోజు ఆ గుంపులో ఉన్నారు. ఆ వేసవిలో ఈ వీధుల్లో మోగిన జమైకా గాయకుడు జూనియర్ మర్విన్ రెగ్గే పాట 'పోలీస్ అండ్ థీవ్స్'ను వాళ్లు తమ ఆల్బమ్‌లో ఆరు నిమిషాల పాటు వాయించారు. మిగతా పాటలన్నీ పరుగులు పెడుతుంటే ఇది ఒక్కటే నిలబడి చుట్టూ చూస్తుంది. కరీబియన్ నుంచి వచ్చి స్థిరపడిన ఇరుగుపొరుగు పాటను అనుకరించకుండా, ఒక గిటార్‌ను తాళం మీద, రెండోదాన్ని తాళం మధ్యలో నిలిపి తమదిగా చేసుకున్నారు. నా దృష్టిలో ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా ధైర్యమైన పని అదే.

ఒక స్తంభానికి ఆనుకుని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. కుడి చెవిలో ఒక గిటార్, ఎడమ చెవిలో మరొకటి, తల మీద లారీల దడదడ. నిడివి ఎక్కువని ఇన్నేళ్లూ దాటవేస్తూ వచ్చిన ఆ పాటను అక్కడ రెండుసార్లు విన్నాను.