ఈసారి అమ్మ క్యూలో నిలబడలేదు

నాన్న రైల్వేలో చేశారు. ఆయన పోయాక అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. నవంబర్ వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే టెన్షన్, పెన్షనర్ బతికే ఉన్నారని చూపే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇంటి చాకిరీతో అమ్మ వేలిముద్రలు అరిగిపోయాయి. మెషీన్ మీద ఏ వేలు పెట్టినా పడదు. వెనకవాళ్లు విసుక్కుంటుంటే ఆవిడ ముఖం చిన్నబోయేది.

ఈసారి ఇంట్లోనే, నా ఫోన్‌లోనే చేశాం. లైఫ్ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లో ఇచ్చేందుకు 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్‌కు 2021లో ముఖ గుర్తింపు కూడా చేర్చారు. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు రెండూ ఉండాలి. ముందు ఆపరేటర్‌గా, అంటే ఫోన్‌లో ఈ పని చేసిపెట్టే మనిషిగా, నా ముఖం స్కాన్ చేశాం, తర్వాత అమ్మది. వెలుతురు బాగుండాలి, కళ్లు ఆర్పాలి. అంతే, ఆ సర్టిఫికెట్ నంబర్, అదే ప్రమాణ్ ఐడీ, వచ్చేసింది. "అయిపోయిందా? నిజంగానా?" అని అమ్మ మళ్లీ మళ్లీ అడిగింది.

ప్రభుత్వం చేసిన మంచి పనుల్లో ఇదొకటని మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను. కానీ స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్ల మాటేంటి? వాళ్లకు కౌంటర్ దారి మూసేయకూడదు. ఇంకో మాట, ఈ పేరుతో ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే అస్సలు చెప్పొద్దు. మీ వీధిలో ఒంటరిగా ఉండే పెన్షనర్లుంటే, నవంబర్ నెలాఖరులోపు ఒకసారి ఫోన్ పట్టుకుని వెళ్లి రండి.